మా, నాకు, నేను

తెలుగువారు తమను తాము పరిచయం చేసుకునే తీరును శ్రద్ధగా గమనిస్తే, ఆ పరిచయమంతా మూడు చిన్న మాటల మీద నడుస్తుందని తెలుస్తుంది. ఊరు, ఇల్లు, కన్నవారు మాటల్లోకి వచ్చినప్పుడు ‘మా’ అంటారు. ఇష్టాలు, తెలిసిన భాషలు చెప్పేటప్పుడు ‘నాకు’ అంటారు. చేసే పని చెప్పేటప్పుడు ‘నేను’ అంటారు. తోబుట్టువులు లేని ఒక్కగానొక్క కొడుకు కూడా ‘మా అమ్మ’ అంటాడే తప్ప ‘నా అమ్మ’ అనడం అరుదు. ఇంట్లో ఒంటరిగా కాపురముండే ముసలామె కూడా ‘మా ఇల్లు’ అనే చెబుతుంది. అదే మనిషి పాటల దగ్గరికి వచ్చేసరికి ‘నాకు పాటలంటే ఇష్టం’ అని, పని దగ్గరికి వచ్చేసరికి ‘నేను తెల్లవారుజామున లేచి రాసుకుంటాను’ అని మాట మార్చుకుంటాడు. ఎవరూ నేర్పకుండానే ప్రతి తెలుగు నోటా జరిగే ఈ మార్పులో ఆత్మపరిచయానికి సంబంధించిన ఒక తత్వం ఇమిడి ఉంది. పుట్టుకతో అందినది ఒకటి, తనంతట వచ్చి చేరినట్టు అనిపించేది ఒకటి, పూనుకొని చేసేది ఒకటి. మనిషి ఎవరు అన్న ప్రశ్నకు ఈ మూడూ మూడు మెట్లు. వీటిలో ఏ మెట్టు మీద నిలబడి చెప్పిన పరిచయం ఎక్కువ నమ్మదగినదో ఆలోచించడమే ఈ వ్యాసం పని.

మొదటి మెట్టు ‘మా’. తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక ఉంటాయి. చాలా ఇంటిపేర్లు పూర్వీకులు ఒకప్పుడు నివసించిన ఊరినో, చేపట్టిన వృత్తినో, వంశంలో ఒకరికి దక్కిన ప్రసిద్ధినో గుర్తుచేస్తాయి. అంటే పేరు చెప్పిన మరుక్షణమే మనిషి కన్నా ముందు అతని పూర్వులు వచ్చి నిలబడతారన్నమాట. వైదిక సంప్రదాయంలో పెద్దలకు నమస్కరించేటప్పుడు చెప్పే ప్రవరలో ఈ క్రమం మరింత స్పష్టం. ప్రవర అంటే వంశానికి మూలపురుషులైన ఋషుల పేర్లను వరుసగా చెప్పుకోవడం. ఆ ఋషులు, గోత్రం, సూత్రం, వేదశాఖ అన్నీ అయిన తర్వాత గాని నమస్కరించే పిల్లవాడి పేరు రాదు. పల్లెల్లో కొత్త ముఖం కనిపిస్తే ‘ఎవరి అబ్బాయివి?’, ‘మీది ఏ ఊరు?’ అని అడగడంలోనూ ఉన్నది ఇదే పద్ధతి. మనిషిని ఒక ఇంటికి, ఒక ఊరికి కట్టి చూస్తేనే అతడు అర్థమవుతాడన్న నమ్మకం ఆ ప్రశ్నల వెనుక ఉంది.

ఈ నమ్మకాన్ని తేలికగా తోసిపుచ్చడం తగదు. మనిషి ఒంటరిగా మొలకెత్తలేదని, తన వెనుక ఎందరి చెమటో ఉందని ఒప్పుకునే వినయం ‘మా’ అన్న మాటలో ఉంది. అయితే ఈ మొదటి మెట్టుకు ఒక చీకటి పార్శ్వమూ ఉంది. ఇంటిపేరు అడగడం చాలా సందర్భాల్లో కులం తెలుసుకోవడానికి మర్యాదగా వేసే దారి. ఆ దారి చివర కొందరికి గౌరవం, కొందరికి అవమానం ఎదురుచూస్తూ ఉంటాయి. ‘గబ్బిలం’ రాసిన గుర్రం జాషువ తన పద్యమొకదానిలో ఈ అనుభవాన్నే చెప్పాడు. తన కవిత్వాన్ని విని మెచ్చుకున్నవారే, కవి కులమేదో అడిగి తెలుసుకోగానే చివాలున లేచి వెళ్ళిపోతే, ఆ క్షణం గుండెలో కత్తి దిగినట్టవుతుందన్నది ఆ పద్యం సారం. అక్కడ కవి తనను తాను పద్యంతో పరిచయం చేసుకున్నాడు. విన్నవారు ఆ పరిచయాన్ని పక్కన పెట్టి, అతడు ఎంచుకోని, మార్చుకోలేని మరో పరిచయాన్ని అడిగారు. కనుక ఇష్టాలతో, భాషలతో, పనితీరుతో మనిషిని పరిచయం చేసే పద్ధతి కేవలం నేటి ఉద్యోగ దరఖాస్తుల అవసరం కాదు; పుట్టుకను బట్టి మనిషికి వెల కట్టే అలవాటుకు అది సరైన జవాబు కూడా.

నేటి జీవితంలో ఈ రెండు పద్ధతులూ రెండు కాగితాల మీద పక్కపక్కనే కనిపిస్తాయి, రెండింటినీ జనం బయోడేటా అనే పిలుస్తారు. పెళ్ళి సంబంధం కోసం పంపే బయోడేటాలో గోత్రం, నక్షత్రం, తల్లిదండ్రుల వివరాలు, మేనమామల ఇంటిపేరు ముందు వరుసలో ఉంటాయి. ఉద్యోగం కోసం పంపే బయోడేటాలో చదువు, నైపుణ్యాలు, వచ్చిన భాషలు, అభిరుచులు, పని అనుభవం ఉంటాయి. ఒకే మనిషి ఒకే వారంలో రెండు కాగితాలూ రాయవలసి రావచ్చు. రెండింటిలో ఉన్నదీ నిజమే. కాని మొదటి కాగితం ‘మా’ అన్న మాటకు విస్తరణ అయితే, రెండోది ‘నాకు’, ‘నేను’ అన్న మాటలకు విస్తరణ. ఈ రెండో కాగితం రాయడానికి కూర్చున్నప్పుడే చాలామంది కలం ఆగిపోతుంది. వంశం గురించి ధారాళంగా చెప్పగలిగినవారు తమ గురించి నాలుగు వాక్యాలు రాయమంటే తడబడతారు.

ఆ తడబాటుకు కారణం భయం ఒక్కటే కాదు, సంస్కారం కూడా. ఆత్మస్తుతి, అంటే తనను తాను పొగడుకోవడం, మన సంప్రదాయంలో పరనిందతో సమానమైన దోషం. మహాభారతంలోని కర్ణపర్వంలో ఈ భావానికి తీవ్రమైన రూపం కనిపిస్తుంది. గాండీవాన్ని మరొకరికి ఇచ్చివేయమన్నవారిని చంపుతానని ప్రతిజ్ఞ చేసిన అర్జునుడు, ఆ మాట అన్నవాడు ధర్మరాజే కావడంతో కత్తి దూస్తాడు. పెద్దవారిని తూలనాడడమే వారిని చంపడంతో సమానమని కృష్ణుడు అతనికి దారి చూపుతాడు. అన్నను అనరాని మాటలన్న తర్వాత అర్జునుడు పశ్చాత్తాపంతో తన ప్రాణం తీసుకోబోగా, ఆత్మహత్యతో సమానమైనది ఆత్మస్తుతి గనుక నీ గొప్పలు నీవే చెప్పుకొమ్మని కృష్ణుడే మళ్ళీ ఉపాయం చెబుతాడు. తనను తాను పొగడుకోవడం చావుతో సమానమని పెద్దలు చెప్పిన నేల మీద పెరిగిన మనిషికి, తన నైపుణ్యాలను తానే రాసుకోవడం కష్టంగా తోచడం సహజం.

అయినా తెలుగు కవులు ఈ చిక్కుకు వెయ్యేళ్ళలో ఒక మంచి పరిష్కారం కనుగొన్నారు. కావ్యం మొదట్లో వచ్చే అవతారికలో, అంటే కృతి ఎలా పుట్టిందో, కవి ఎవరో చెప్పే పీఠికాభాగంలో, వారు తమను పరిచయం చేసుకున్నారు. ప్రతి ఆశ్వాసం చివర, అంటే ప్రతి అధ్యాయం ముగింపులో, ఒకే ఒక్క పొడుగాటి గద్య వాక్యంలో సంతకం చేసినట్టు ఆ పరిచయాన్ని మళ్ళీ చెప్పారు. తిక్కన ఆశ్వాసాంత గద్యను విడదీసి చూస్తే అందులో తండ్రి కొమ్మన పేరుంది. సంస్కృతాంధ్ర కవులిద్దరికీ ఆప్తుడన్న అర్థంలో పెద్దలు చెప్పే ‘ఉభయకవిమిత్ర’ అన్న బిరుదు ఉంది. పండితులను సేవించే స్వభావం కలవాడన్న మాట ఉంది. చివరికి ఆయన చేసిన పని, అంటే భారత రచన, ఉంది. వంశం, భాష, స్వభావం, పని అనే నాలుగింటినీ ఒక్క వాక్యంలో కూర్చిన ఆ పద్ధతి నేటి దరఖాస్తు పత్రాలకు ఎన్నో శతాబ్దాల ముందుది. పోతన గద్యలో ‘సహజపాండిత్య’ అన్న విశేషణం ఉంది. కేసన కూతురు మొల్ల తన రామాయణం అవతారికలో, శాస్త్రాలు చదువుకున్నదాన్ని కానని, గోపవరం శ్రీకంఠ మల్లేశుని దయవల్ల కవిత్వం అబ్బిందని నిజాయితీగా చెప్పుకుంది. తనకు లేనిదాన్ని ముందు చెప్పి, ఉన్నదాన్ని తర్వాత చెప్పిన ఆ పరిచయంలో బడాయి ఏమాత్రం లేదు, చిన్నబుచ్చుకోవడమూ లేదు.

శ్రీనాథుడు కాశీఖండం అవతారికలో మరో మేలైన పద్ధతి చూపాడు. జుట్టు ముడికి అందని చిన్నతనంలో మరుత్తరాట్చరిత్ర, యౌవనం తొలినాళ్ళలో శాలివాహన సప్తశతి, నిండు యౌవనంలో హర్షుని నైషధం, ఆ తర్వాత భీమఖండం అంటూ, వయస్సులోని ఒక్కొక్క దశకు ఒక్కొక్క కావ్యాన్ని జతచేసి, వయస్సు వాలుతున్నప్పుడు కాశీఖండానికి పూనుకున్నానని ఆయన చెప్పాడు. తాను గొప్పవాడినని ఆ వరుసలో ఎక్కడా అనలేదు. ఏ వయస్సులో ఏ పని చేశాడో మాత్రమే చెప్పాడు. చదివినవారు ఆ గ్రంథాలను తెరిచి చూసి మనిషిని అంచనా వేసుకోవచ్చు. ఆత్మపరిచయానికి, ఆత్మస్తుతికి మధ్యనున్న గీత ఇక్కడే ఉంది. పరీక్షించి చూడడానికి వీలైనది చెబితే అది పరిచయం. వినేవారు ఊరకే నమ్మవలసినది చెబితే అది స్తుతి.

ఇక రెండో మెట్టు ‘నాకు’. తెలుగు వాక్యంలో ఇష్టం, ఆకలి, కోపం, జ్ఞాపకం వంటివి మనిషి చేసే పనులుగా కనిపించవు. అతని దగ్గరికి వచ్చేవిగా కనిపిస్తాయి. ‘నాకు ఆకలి వేసింది’, ‘నాకు గుర్తొచ్చింది’, ‘నాకు కోపం వచ్చింది’ అనే వాక్యాల్లో మనిషి పేరు కర్తగా, అంటే పని చేసేవాడిగా, ప్రథమా విభక్తిలో నిలబడదు. బడిలో నేర్చుకునే విభక్తుల పట్టికలో షష్ఠిగా చెప్పే ‘కు’ ప్రత్యయంతో, అనుభవించేవాడిగా పక్కకు జరిగి నిలబడుతుంది. అందుకే ఇటువంటి చోట మనిషిని అనుభోక్త అంటారు. ఇది తెలుగు ఒక్కదానికే చెందిన లక్షణం కాదు, దీని సోదర భాషలైన తమిళ కన్నడాల్లోనూ, ఉత్తరాది భాషల్లోనూ ఉంది. అభిరుచిని గురించి ఈ నుడికారం చెప్పే సత్యం విలువైనది. ఏది ఇష్టమవుతుందో మనిషి ముందుగా నిర్ణయించుకోలేడు. పాటో, చదరంగమో, చెట్ల పెంపకమో అతణ్ణి వెతుక్కుంటూ వచ్చినట్టే వస్తుంది. కనుక అభిరుచుల జాబితా మనిషి సాధించిన ఘనత కాదు. అతడు దేనికి తలుపు తెరిచి ఉంచాడో చెప్పే గుర్తు మాత్రమే. ‘పుస్తక పఠనం, సంగీతం, ప్రయాణాలు’ అని అందరూ రాసే మూడు మాటల వల్ల ఏ మనిషీ తెలియడు. ఏ పుస్తకాన్ని రెండోసారి చదివాడో, ఏ రాగం వినబడితే నడక ఆపుతాడో, ఏ పని చేస్తుంటే పొద్దు తెలియదో చెప్పినప్పుడే ఆ ఇష్టానికి ముఖం ఏర్పడుతుంది.

భాషల విషయంలో తెలుగు నుడికారం మరింత లోతుకు వెళ్ళింది. ఈత, వంట, కుట్టుపని, భాష ఇవన్నీ తెలుగులో ‘వస్తాయి’. ‘నాకు తమిళం వచ్చు’ అంటే తమిళం తన దగ్గరికి రాగలదని, పిలిస్తే పలుకుతుందని అర్థం; రానివాడికి అది ‘రాదు’. దరఖాస్తు పత్రాల్లో తెలిసిన భాషల పట్టికకు సాధారణంగా చదవడం, రాయడం, మాట్లాడడం అనే మూడు గళ్ళు ఉంటాయి. ఆ మూడు గళ్ళ ముందు కూర్చున్న లంబాడీ తండా యువతిని ఊహించుకుంటే, పట్టిక చెప్పలేని సంగతులు ఎన్నో ఉన్నాయని తెలుస్తుంది. ఇంట్లో మాట్లాడే గోర్ బోలికి సొంత లిపి లేదు గనుక మొదటి రెండు గళ్ళు ఖాళీగా ఉండిపోతాయి. బడిలో నేర్చిన ఇంగ్లీషుకు మూడు గళ్ళూ నిండుతాయి. కాని జోలపాట విన్నది, అలిగినది, కలలు కన్నది మొదటి భాషలోనే. గోండి, కోయ, కువి, సవర వంటి భాషలు ఇళ్ళలో మాట్లాడుకునే కుటుంబాలు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. హైదరాబాదు వీధుల్లో దక్కనీ ఉర్దూ, తెలుగు ఒకదానిలోకి ఒకటి దారి చేసుకుంటూ నడుస్తాయి. 1961 నాటి జనాభా లెక్కల్లో దేశమంతటా 1,652 మాతృభాషల పేర్లు నమోదయ్యాయి. మాతృభాష తర్వాత ప్రతి మనిషికీ తెలిసిన మరో రెండు భాషల పేర్లు రాసుకోవడంతో జనాభా లెక్కల ప్రశ్న ఆగుతుంది, కాని సరిహద్దు పల్లెల్లోని సంతలో కూరగాయలు అమ్మే మనిషికి నాలుగు భాషలు వచ్చినా అతడు దానిని నైపుణ్యంగా ఎన్నడూ లెక్కించుకోడు.

భాష ఒక మనిషి గుర్తింపులో ఎంత లోతున ఉంటుందో చెప్పడానికి శ్రీనాథుణ్ణే మళ్ళీ తలుచుకోవచ్చు. భీమఖండం అవతారికలో ఆయన, తన కవిత్వాన్ని కొందరు సంస్కృతమంటారని, కొందరు పలుకుబడిని బట్టి ఆంధ్రభాష అంటారని, ఎవరేమన్నా తనకు లోటు లేదని, తన కవిత్వం నిజానికి కర్ణాట భాష అని ప్రకటించాడు. ‘కర్ణాట’ అన్న ఆ మాటకు అర్థమేమిటన్న విషయమై పండితులు ఇప్పటికీ చర్చిస్తూనే ఉన్నారు. ఆ చర్చ ఎటు తేలినా, భాష పేరు పెట్టే హక్కు వినేవారికి కాక పలికేవారికే ఉండాలన్న కవి పట్టుదల మాత్రం ఆ పద్యంలో స్పష్టంగా ఉంది. అయితే భాషలు ఎన్ని వచ్చు అన్న లెక్క కన్నా వాటితో ఏం చేశారన్నది పెద్ద ప్రశ్న. పి.వి. నరసింహారావుకు అనేక భాషలు వచ్చునన్న ప్రసిద్ధి ఉంది. ఆయన విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోకి, హరినారాయణ్ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’గా తెలుగులోకి తెచ్చారన్న సంగతి ఆ ప్రసిద్ధికి బలమైన ఆధారం. వచ్చిన భాష మరొకరికి దారి చూపినప్పుడు ‘నాకు’ అన్న మెట్టు నుంచి ‘నేను’ అన్న మెట్టుకు మనిషి అడుగు పెడతాడు.

స్వభావం ఈ రెండు మెట్లకూ నడుమ ఉంది. తనను గురించి చెప్పే నామవాచకానికి తెలుగు ఒక ప్రత్యయం కేటాయించింది: ‘నేను మొండివాడిని’, ‘నేను నిదానస్తురాలిని’ అన్నప్పుడు చివరనున్న ‘ని’ వల్ల, ఉన్నాను అన్న క్రియ లేకుండానే, ఆ గుణం మనిషికి అతుక్కుపోతుంది. గుణాన్ని మనిషికి ఇంత దగ్గరగా కట్టే ఈ ప్రత్యయాన్ని జాగ్రత్తగా వాడవలసిన అవసరం ఉంది, ఎందుకంటే స్వభావం గురించి మనిషి ఇచ్చే సాక్ష్యం అన్ని సాక్ష్యాల్లోకీ బలహీనమైనది. 1921లో స్విట్జర్లాండు మనోవైజ్ఞానికుడు కార్ల్ యుంగ్ మనుషుల మానసిక రకాల మీద వెలువరించిన గ్రంథంతో అంతర్ముఖులు, బహిర్ముఖులు అన్న విభజన ప్రపంచమంతా వ్యాపించింది. దృష్టి, శక్తి లోపలి ఆలోచనల వైపు మళ్ళేవారు అంతర్ముఖులు. బయటి మనుషుల వైపు, వస్తువుల వైపు మళ్ళేవారు బహిర్ముఖులు. వేదాంత గ్రంథాల్లో అంతర్ముఖత్వం అంటే ఇంద్రియాలను లోపలికి తిప్పుకునే సాధన. అది కృషితో సంపాదించుకోవలసిన గుణం. నేడు అదే మాటను కొందరు మార్చుకోనక్కరలేని ముద్రగా, నలుగురిలో మాట్లాడకపోవడానికి సాకుగా వాడుతున్నారు. స్వభావం ముద్ర కాదు, అలవాట్ల మొత్తం. దాన్ని తెలుసుకోవలసింది మనిషి తన గురించి వేసుకునే విశేషణాల నుంచి కాదు. చేతిలో పని చెడిపోయినప్పుడు, చెప్పిన గడువు దగ్గరపడినప్పుడు, చిన్నవాడు తప్పు ఎత్తిచూపినప్పుడు అతడు ఏం చేస్తాడో దాని నుంచి.

అందువల్ల మూడో మెట్టు, ‘నేను చేస్తాను’ అన్న మెట్టు, మిగిలినవాటి కన్నా గట్టిది. పనితీరు అంటే ఎంత వేగంగా పని ముగుస్తుందన్న లెక్క మాత్రమే కాదు. పనికి ముందు మనిషి ఎలా సిద్ధమవుతాడు, పని నడుమ తప్పును ఎలా దిద్దుకుంటాడు, పని అయ్యాక దాన్ని ఎవరికి అప్పగిస్తాడు అన్న మూడు ప్రశ్నలకు జవాబు. పోచంపల్లి చేనేతలో బట్ట మీద కనిపించవలసిన రూపాన్ని ముందే లెక్కగట్టి, నూలుకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట దారంతో బిగించి, రంగులద్దిన తర్వాతే నూలును మగ్గానికి ఎక్కిస్తారు. చిటికిలో జరిగిన పొరపాటును మగ్గం మీద దిద్దడం కుదరదు. ఆ చీర అంచును దగ్గరగా పట్టుకొని చూస్తే, రంగులు కలిసే చోట గీత ఎంత నికరంగా ఉందో దాన్ని బట్టి, నేసినవారి ఓపిక పేరు చెప్పకుండానే తెలిసిపోతుంది. ‘చేయి తిరిగిన మనిషి’ అన్న తెలుగు మాటకు అర్థం తెలిసేది ఇటువంటి చోటే.

ఇష్టం, స్వభావం, భాష, పనితీరు అన్న నాలుగూ ఒకే జీవితంలో కలిసిపోతే మనిషి ఎలా ఉంటాడో చూడాలంటే గిడుగు వెంకట రామమూర్తి జీవితం తగిన ఉదాహరణ. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన ఆయన, పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడు. శాసనాల మీది ఇష్టంతో ముఖలింగం గుడిలోని శాసనాలను తానే కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నారు. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష మీద ఆయనకు అదే తీరున ఆసక్తి కలిగింది. సవర తెలుగుకు చుట్టం కాదు. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందినదైతే సవర ముండా భాషల కుటుంబానికి చెందినది. గొంతులో ఊపిరి చప్పున ఆగిపోగా పలికే శబ్దం ఒకటి అందులో ఉంది, దానికి తెలుగు లిపిలో అక్షరమే లేదు. తెలుగు తెలిసిన సవర మనిషిని దగ్గర ఉంచుకొని ఆయన ఒక్కొక్క మాటే అడిగి, విని, రాసుకుని, తిరిగి పలికి, సరిచూసుకుంటూ ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరగడం వల్ల మలేరియా వచ్చింది. దాన్ని తగ్గించుకోవడానికి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిని, ఆయనకు జీవితాంతం చెవుడు మిగిలింది. ఒక భాషలోని శబ్దాలను చెవితో పట్టుకోవడానికి బయలుదేరిన మనిషి ఆ ప్రయత్నంలో చెవులనే పోగొట్టుకుని కూడా పని ఆపలేదు. సవరలో పాఠపుస్తకాలు తయారుచేశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకు వద్దని, ఆ సొమ్ముతో సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే బడి పెట్టమని కోరారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో వెలువడింది, దాని వెంట నిఘంటువూ వచ్చింది.

ఇదే పనితీరు తెలుగుకూ పనికివచ్చింది. 1907లో బడుల పర్యవేక్షణకు వచ్చిన జె.ఎ. యేట్స్, పుస్తకాల తెలుగుకు, జనం మాట్లాడే తెలుగుకు ఇంత తేడా ఎందుకని లేవనెత్తిన ప్రశ్న గిడుగును కదిలించింది. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటింది. బడిలో ఉపయోగించేది వ్యావహారికం, అంటే చదువుకున్నవారు నిత్యం మాట్లాడే భాష, కావాలని ఆయన వాదించారు. పూర్వకావ్యాల భాషనే వాడాలన్న గ్రాంథికవాదులు ఆయనను ఎదిరించారు. ఆ వాదంలో ఆయన నమ్ముకున్న ఆయుధం ఆవేశం కాదు, ఆధారం. పాత వచన గ్రంథాలను, వ్యాఖ్యానాలను వెతికి, పండితులు తప్పని కొట్టివేసిన వాడుకలు పూర్వుల రాతల్లోనే ఉన్నాయని ‘గద్యచింతామణి’లో ఉదాహరణలు పోగుచేసి చూపారు. సవర మనిషి నోట వినబడిన మాటను ఎలా యథాతథంగా రాసుకున్నారో, తెలుగు వాడుకను అలాగే ఉన్నదున్నట్టు గౌరవించారు. గమనిస్తే ఆయన ఇష్టానికి, స్వభావానికి, భాషకు, పనితీరుకు మధ్య గీత గీయడం సాధ్యం కాదు. శాసనాల మీది ఇష్టం ఓపికను నేర్పింది. ఓపిక సవరను తెచ్చింది. సవర నేర్చిన పద్ధతి తెలుగు వాదానికి బలమైంది.

ఈ జీవితం నుంచి తేలే తీర్పు ఒకటి ఉంది. మనిషి తనను పరిచయం చేసుకునేటప్పుడు ‘మా’ అన్న మెట్టును కృతజ్ఞతతో తాకి ముందుకు సాగాలి గాని దాని మీదే కూర్చోకూడదు. ఎదుటివారిని దాని మీదే కూర్చోబెట్టడం అంతకన్నా తప్పు. ‘నాకు’ అన్న మెట్టు మీద జాబితాలు తగ్గించి, నిజంగా పొద్దు తెలియనివ్వని ఒక్క ఇష్టాన్ని, నిజంగా మనస్సు విప్పే ఒక్క భాషను చెప్పినా చాలు. దరఖాస్తులో గడి లేకపోయినా ఇంటి భాష పేరు రాయడానికి వెనుకాడనక్కరలేదు. ‘నేను’ అన్న మెట్టు మీద విశేషణాలు మానేసి, చేసిన పనిని, దాన్ని చేసిన తీరును, అందులో దిద్దుకున్న తప్పును చెబితే, అది ఎవరైనా పరీక్షించి చూడగల పరిచయమవుతుంది. శ్రీనాథుడు వయస్సుల వరుసలో తన కావ్యాలను చెప్పుకున్నది, మొల్ల తనకు లేని చదువును దాచకుండా చెప్పుకున్నది ఇదే మర్యాదతో.

పెద్దలకు, ఉపాధ్యాయులకు, ఉద్యోగాలిచ్చే స్థానాల్లో ఉన్నవారికి ఇందులో ఒక విన్నపం ఉంది. కొత్తగా ఎదురైన పిల్లనో పిల్లవాణ్ణో ‘మీ ఇంటిపేరేమిటి?’ అని అడిగే చోట, ‘నీకు ఏ పని చేస్తుంటే పొద్దు తెలియదు?’ అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఓపికగా వినాలి. ఆ ప్రశ్న విన్న పిల్లలు మొదట తడబడినా, రెండోసారికి జవాబు సిద్ధం చేసుకుంటారు. సిద్ధం చేసుకునే క్రమంలో తాము ఎవరో తమకే తెలిసివస్తుంది. గిడుగు పుట్టిన ఆగస్టు 29ని నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఆయన తన వినికిడిని వెచ్చించి నేర్చుకున్న భాష మాత్రం తెలుగు కాదు, పొరుగు కొండల మీది సవర.